మూసీకి గోడలు కడితే అఫ్జల్‌గంజ్ కోలుకుంటుందా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్, గౌలిగూడల మధ్య మీ కుటుంబానికి తాతల నాటి టోకు దుకాణం ఉంది. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీరు నగరపు పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ ప్రాంగణంలోకి వచ్చిన తర్వాత, ఇంట్లోవాళ్లు దాన్ని అమ్మేసి నగరానికి పడమటి వైపు వెళ్లిపోదామంటున్నారు. నదికి రెండు వైపులా ఎత్తైన రిటైనింగ్ వాల్ కట్టి, పైన నడకదారి వేస్తే వరద భయం పోయి పాత నడిబొడ్డుకు మళ్లీ గిరాకీ వస్తుందా అన్నది మీ సందేహం. నా ఉద్యోగ జీవితమంతా వరద నియంత్రణ పనుల్లోనే గడిచింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ముప్పు తగ్గితే నడిబొడ్డు కోలుకోవడం సాధ్యమే, హైదరాబాద్‌లోనే అది ఒకసారి జరిగింది కూడా. అయితే అప్పుడు ఆ పని చేసినవి ఎగువన కట్టిన జలాశయాలు, ఒడ్డున నదికి వదిలిన జాగా, ఆ జాగాను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఒక సంస్థ. గోడ పాత్ర అందులో చాలా చిన్నది.

వరద ఒక వ్యాపార కేంద్రాన్ని దెబ్బతీసే తీరు చాలామంది అనుకునేదానికి భిన్నంగా ఉంటుంది. నీరు వచ్చి వెళ్లిన రోజున జరిగే నష్టం కంటికి కనిపిస్తుంది, లెక్కకు అందుతుంది. తర్వాత పదేళ్ల పాటు జరిగేది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. యజమాని పాత భవనానికి మరమ్మతు వాయిదా వేస్తాడు, కింది అంతస్తును గోదాముగా తీసుకున్నవాడు అద్దె తగ్గించమంటాడు, అద్దె తగ్గినందువల్ల మరమ్మతు మరింత వెనక్కి పోతుంది. మీ వీధిలోనే ఒకసారి గమనించండి: కరెంటు మీటర్లు మోకాలెత్తులో ఉంటాయి, ఇన్వర్టర్ మెట్ల కింద ఉంటుంది, బస్తాలు నేల మీద జానెడెత్తు చెక్క పలకల మీద ఉంటాయి. అడుగున్నర నీరు చాలు, ఆ దుకాణం వారం రోజులు మూతపడుతుంది. దీనికి తోడు 2012 నాటి జీవో 168 ప్రకారం నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్ల లోపు కొత్త నిర్మాణానికి అనుమతి ఉండదు కాబట్టి, ఆ పరిధిలో ఉన్న పాత ఆస్తిని కొనేవాడు కూడా వెనకాడతాడు.

ఇంకో అపోహను కూడా ఇక్కడే తొలగించాలి. ‘వందేళ్ల వరద’ అంటే వందేళ్లకు ఒకసారి వచ్చేదని మన పత్రికల్లో కూడా రాస్తుంటారు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని దాని అర్థం. ముప్పై ఏళ్ల వ్యవధి తీసుకుంటే అటువంటి వరద కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం దాదాపు 26 శాతం. మీ తర్వాతి తరం ఆ దుకాణం నడిపే కాలం ఇంచుమించు అంతే కదా, నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ అంకెను దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు మన నగరం అనుభవానికి వద్దాం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించారని తరచుగా చెప్పే అంచనా. పంతొమ్మిది వేల దాకా ఇళ్లు కూలాయి, అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయి పురానాపూల్ ఒక్కటే మిగిలింది. అఫ్జల్‌గంజ్ వైపు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారన్నది మీరూ వినే ఉంటారు. మరుసటి ఏడాది ఆరో నిజాం ప్రభుత్వం పిలిపించగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, కొన్ని నెలల పాటు పరిశీలించి, 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 చెరువుల కట్టలు తెగాయని, వరద అంత ఉద్ధృతం కావడానికి అది కూడా ఒక కారణమని ఆయన లెక్క తేల్చారు. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, మిగులు నీరు పొర్లిపోయే అలుగు ఆ నీటిని తట్టుకోలేదు, దాని కట్టా తెగుతుంది. నది ఒడ్డున ఎంత ఎత్తున గోడ కట్టినా ఈ వరుస తెగడాన్ని ఆపలేదు.

అందుకే ఆయన సిఫారసులో ప్రధానమైనది నగరంలో కట్టవలసిన కట్టడం కాదు, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, వరద నీటిని పట్టి ఉంచే జలాశయాలు. నగరం లోపల పల్లపు ఒడ్లను ఎత్తు చేయడం, వాటి మీద నడకదారులు వేయడం కూడా ఆయన ప్రణాళికలో ఉన్నాయి, కానీ జలాశయాల తర్వాతనే. మూసీ మీది ఉస్మాన్ సాగర్ 1920 నాటికి, ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. ఈ రెండింటినే జంట జలాశయాలంటారు. అంటే వరద వచ్చిన తర్వాత రక్షణ పూర్తిగా అమరడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లలో నగరం ఊరికే కూర్చోలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి వేరే చోట ఇళ్లు కట్టించడం, రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాలువలు వేయడం దాని పనులు. పత్తర్‌గట్టిలో రాతి ఆర్చీల దుకాణాల వరుస, 1935లో వచ్చిన మొజాంజాహీ మార్కెట్ ఆ బోర్డు నిర్మాణాలే. వరద తుడిచిపెట్టిన ఒడ్డున దక్షిణం వైపు హైకోర్టు, సిటీ కాలేజీ వచ్చాయి, ఉత్తరం వైపు ఉస్మానియా ఆసుపత్రి, తర్వాత ఆసఫియా గ్రంథాలయం వచ్చాయి. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, నదికి ఆనుకుని ఉన్న విలువైన భూమిలో ఎక్కువ భాగం ప్రభుత్వ భవనాలకు, తోటలకు పోయింది. రోజూ వేలమంది వచ్చిపోయే ఆసుపత్రి, కోర్టు ఉన్నచోట చుట్టుపక్కల వ్యాపారం తనంతట తాను పెరిగింది. మీ తాతగారి దుకాణానికి గిరాకీ తెచ్చిపెట్టింది చాలావరకు ఆ నిర్ణయమేనని నా అభిప్రాయం.

ఇంత చేసిన నగరానికి మళ్లీ ఈ స్థితి ఎందుకు వచ్చింది? ఒక కారణం కళ్లెదుటే ఉంది. ఎంజీబీఎస్ నిలబడి ఉన్నది నది రెండు పాయల మధ్యనున్న నేల మీద. మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలు నది గర్భంలోకి దిగిపోయాయి. నది పారడానికి వదిలిన జాగాను మనమే ఆక్రమించేశాం. రెండో కారణం అంతగా చర్చకు రాదు, కానీ నా దృష్టిలో అదే ముఖ్యం: జంట జలాశయాలను నడిపే పద్ధతి.

ఉస్మాన్ సాగర్ నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), హిమాయత్ సాగర్‌ది 2.97. రెండూ కలిపి 7 టీఎంసీల లోపే. 1908 గరిష్ఠ ప్రవాహాన్ని విశ్వేశ్వరయ్య 4.25 లక్షల క్యూసెక్కులుగా, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులుగా అంచనా వేశారు. అంతటి ప్రవాహం వస్తే రెండు జలాశయాలూ పూర్తిగా ఖాళీగా ఉన్నా నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. కాబట్టి 1908ని ఇవి మొత్తంగా మింగేస్తాయని ఎవరూ అనుకోకూడదు. అయితే మనల్ని తరచుగా ఇబ్బంది పెట్టేవి అంతకంటే చాలా చిన్న వరదలు. 2025లో జలాశయాల నుంచి వదిలిన నీరు ఆనాటి ప్రవాహంలో పదో వంతుకు కూడా చేరలేదు, అయినా బస్టాండు మునిగింది. ఇటువంటి వరదకు జలాశయంలో ముందుగా ఖాళీ ఉంచుకోవడం బాగా పనికివస్తుంది. ఒక టీఎంసీ ఖాళీ ఉంటే ఒక రోజంతా 11,500 క్యూసెక్కులకు పైగా ప్రవాహాన్ని ఆపుకోవచ్చు. ఒకటిన్నర టీఎంసీ అయితే 17 వేల పైచిలుకు.

చిక్కు ఏమిటంటే, తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరదకు ఖాళీగా ఉండాలి. అందులోనూ మూసీ పెద్ద వరదలు వర్షాకాలం చివర్లో, వాయుగుండాలతో వస్తాయి: 1908లో సెప్టెంబరు 28, 2025లో సెప్టెంబరు చివరివారం. సరిగ్గా అప్పటికి జలాశయాలు తరచుగా నిండి, తమ పూర్తి మట్టాలకు, అంటే ఉస్మాన్ సాగర్‌లో 1790 అడుగులకు, హిమాయత్ సాగర్‌లో 1763.5 అడుగులకు దగ్గరలో ఉంటాయి. ఆ స్థితిలో కుండపోత వాన పడితే గేట్లు ఎత్తడం తప్ప ఇంజనీరుకు వేరే దారి ఉండదు, అర్ధరాత్రి గేట్లు ఎత్తాడని అతన్ని తిట్టి ప్రయోజనమూ లేదు. నేడు నగరపు తాగునీటిలో సింహభాగం కృష్ణా, గోదావరి నుంచి వస్తోంది కాబట్టి, సెప్టెంబరు నెలాఖరు దాకా ఈ జలాశయాల్లో కొంత ఖాళీ తప్పనిసరిగా ఉంచి, అక్టోబరు మధ్య తర్వాతే పూర్తిగా నింపే నెలవారీ మట్టాల పట్టికను అమలు చేయడానికి వీలుంది. ఖర్చు లేని పని ఇది. గోదావరి నీటిని తెచ్చి ఈ జలాశయాలను నింపి మూసీలో ఏడాది పొడవునా నీరు పారించాలన్న ప్రణాళిక ఇప్పుడు ముందుకు వచ్చింది. నదిలో నీరు పారితే మంచిదే, కానీ వానాకాలంలో జలాశయాన్ని బయటి నీటితో నింపి ఉంచితే మీ దుకాణానికి ముప్పు పెరుగుతుంది. ఆ ప్రణాళికలో వానాకాలపు మట్టాల పట్టిక ఉందా లేదా అన్నది మీ వ్యాపార సంఘం అడగవలసిన మొదటి ప్రశ్న.

ఎగువ పరీవాహక ప్రాంతం సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. 1996 నాటి జీవో 111 జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను అదుపు చేసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. నేల మీద కాంక్రీటు పెరిగిన కొద్దీ అదే వానకు ఎక్కువ నీరు, తక్కువ సమయంలో కిందికి దిగుతుంది. శంకర్‌పల్లి వైపు వచ్చే లేఅవుట్లకూ అఫ్జల్‌గంజ్ అద్దెలకూ సంబంధం ఉందంటే వ్యాపారులు నవ్వుతారు, నీటికి మాత్రం ఆ సంబంధం బాగా తెలుసు.

ఇక మీరు అడిగిన గోడ. గోడ పనికిరాదని నేను అనడం లేదు. విజయవాడ కృష్ణలంకలో 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు ఆ లోతట్టు కాలనీలను కాపాడింది రిటైనింగ్ వాలే. కానీ అదే రోజుల్లో అదే నగరంలో సింగ్‌నగర్ వైపు లక్షలమంది నీటిలో చిక్కుకున్నారు, అక్కడికి వచ్చింది కృష్ణ నీరు కాదు, బుడమేరు వాగు నీరు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులో కలవడం కష్టమవుతుంది. పెద్ద నదికి గోడ కట్టి చిన్న వాగును వదిలేస్తే ఏమవుతుందో అంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. హైదరాబాద్‌లో కూడా అంతే. 2020 అక్టోబరులో పాతబస్తీని ముంచినవాటిలో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగడం ముఖ్యమైనది. మూసీకి గోడ కట్టిన తర్వాత ప్రతి నాలా కలిసేచోట వెనక్కి తన్నకుండా తలుపులు పెట్టాలి, తలుపులు మూసుకున్నప్పుడు గోడ లోపల నిలిచే వాననీటిని తోడి పోయడానికి పంపులు కావాలి, ఆ పంపులకు వరద రాత్రి కూడా కరెంటు ఉండాలి. ఇవి లేకపోతే మీ వీధి నది వల్ల కాకుండా గోడ వల్ల మునుగుతుంది.

గోడ ఎంత ఎత్తు అన్నదానికన్నా రెండు గోడల మధ్య దూరం ఎంత అన్నది పెద్ద ప్రశ్న. నది పాయను 200 మీటర్ల నుంచి 130 మీటర్లకు కుదించారనుకోండి. వాలు, గరుకుతనం మారకపోతే అదే ప్రవాహానికి నీటి లోతు సుమారు 30 శాతం పెరుగుతుంది, అంటే 5 మీటర్ల లోతు పారే నీరు 6.5 మీటర్లకు లేస్తుంది. మిగిలిన 70 మీటర్లలో రోడ్డు, పార్కు, అమ్ముకోవడానికి ప్లాట్లు వస్తాయి, అందుకే ఈ ఆలోచన ఎప్పుడూ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అహ్మదాబాద్‌లో సబర్మతిని నగరం పొడవునా 263 మీటర్ల వెడల్పుకు కట్టి 200 హెక్టార్లకు పైగా భూమి తీశారు. అక్కడ ఒడ్డు అందంగా ఉందనడంలో సందేహం లేదు, జనం వస్తున్నారు కూడా. అయితే అక్కడ ఎగువన ధరోయి ఆనకట్ట ఉంది, నదిలో కనిపించే నీరు నర్మద కాలువది. ఆ ఒడ్డును చూసి వచ్చి మూసీని కూడా అలాగే బిగించాలని అడగడం తొందరపాటు.

దీనికి పూర్తి భిన్నమైన దారిలో వెళ్లిన ఊరు ఒకటి చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియాలోని నాపా పట్టణం, ద్రాక్ష తోటలకు పేరుపడ్డది. నడిబొడ్డు గుండా నాపా నది పారుతుంది. 1986 వరదలో ముగ్గురు మరణించారు, వేలమంది ఇళ్లు వదిలారు. నదిని లోతుగా తవ్వి కాంక్రీటు గట్లు కట్టే ప్రతిపాదనను అంతకుముందే 1976, 1977లలో ఓటర్లు తిరస్కరించారు. చివరికి ఇంజనీర్లు, వ్యాపారులు, పర్యావరణవాదులు ఒకచోట కూర్చుని నదికి జాగా వదిలే ప్రణాళిక రాసుకున్నారు: గట్లను వెనక్కి జరపడం, తక్కువ ఎత్తు వంతెనలను తీసి ఎత్తుగా కట్టడం, దిగువన చిత్తడి నేలలను మళ్లీ నదికి కలపడం, నడిబొడ్డులో నది వంక తిరిగే చోట వరద నీరు అడ్డంగా వెళ్లే పొడి కాలువ తవ్వడం. 1998 మార్చిలో అరశాతం అమ్మకపు పన్నును 20 ఏళ్ల పాటు తమ మీద తామే విధించుకోవడానికి మూడింట రెండు వంతుల మెజారిటీతో ఓటు వేశారు. పని సగంలో ఉండగానే 2005 డిసెంబరు 31న మళ్లీ వరద వచ్చింది, అయినా మానలేదు. పొడి కాలువ 2015లో పూర్తయింది. వాన లేని రోజుల్లో అది పార్కు, పక్కనే జనం కిటకిటలాడే ఆక్స్‌బో మార్కెట్.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఒడ్డున వెలసిన హోటళ్లు కాదు, పెట్టుబడిదారుల తీరు. అమెరికాలో వరద పటంలో ముప్పు ప్రాంతంగా గుర్తించిన చోట ఉన్న భవనం మీద బ్యాంకు రుణం ఉంటే సాధారణంగా వరద బీమా తప్పనిసరి, పెద్ద మరమ్మతు చేయాలంటే చాలా సందర్భాల్లో అంతస్తు ఎత్తు పెంచాలి లేదా నీరు లోపలికి రాకుండా కట్టుదిట్టం చేయాలి. పన్నుకు ఓటు పడి, డబ్బు చేతికి రావడం ఖాయమని తేలగానే, కట్టడాలు పూర్తి కాకముందే పాత మిల్లు భవనాలను బాగుచేయడం మొదలైంది. ప్రభుత్వం మారితే ప్రణాళిక మారుతుందన్న భయం లేకపోవడమే అసలు పెట్టుబడి. మూసీ విషయంలో 2017లో ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది, అప్పటి నుంచి ప్రణాళికలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మారుతూనే ఉన్నాయి. దీని ధర ఎవరూ లెక్క వేయరు గానీ, మీ వీధిలో భవనాల రంగు చూస్తే తెలుస్తుంది.

నది గర్భంలో నివసించేవారి గురించి ఒక మాట. అక్కడ ఉండడం వారికే అందరికన్నా ప్రమాదకరం, కాబట్టి వారిని తరలించడాన్ని నేను వ్యతిరేకించను. 2024లో ఇళ్లకు గుర్తులు వేసినప్పుడు వచ్చిన ఆందోళన తప్పనీ అనను. చాదర్‌ఘాట్ దగ్గర హమాలీ పని చేసుకునే కుటుంబాన్ని ఇరవై కిలోమీటర్ల అవతల ఇంట్లో పెడితే, మూడు నెలల్లో ఆ మనిషి పని కోసం తిరిగి వస్తాడు. మీ టోకు బజారు నడిచేది ఆ హమాలీలు, ఆటోవాళ్ల మీదనే కాబట్టి, రెండు మూడు కిలోమీటర్ల లోపు పునరావాసం ఇవ్వాలని అడగడంలో మీ స్వార్థం కూడా ఉంది.

నడిబొడ్డు తగ్గిపోవడానికి వరద ఒక్కటే కారణం కాదని మీకూ తెలుసు. సరుకు లారీలకు పగటిపూట అనుమతి లేకపోవడం, పార్కింగు లేకపోవడం, కొనుగోలుదారులు పడమటికి తరలిపోవడం కూడా ఉన్నాయి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ రాక వల్ల మీ ప్రాంతానికి కొంత ఊపు రావలసింది, సరైన కాలిబాటలు లేక అది అంతగా అందలేదు.

మీ సొంత నిర్ణయానికి వస్తే, దుకాణం నది అంచు నుంచి 50 మీటర్ల లోపు ఉంటే, ఏ ప్రణాళిక వచ్చినా ఆ భూమి నదికే పోవాలి, మంచి ప్రణాళిక అయితే మరీ ముందుగా పోవాలి. అటువంటప్పుడు పరిహారం స్పష్టంగా ఉన్నప్పుడే బయటపడడం మేలు. అంతకన్నా దూరంగా, గౌలిగూడ ఎత్తు వైపు ఉంటే నేనైతే అమ్మను. ఈ ఎండాకాలంలోనే మీటర్ బోర్డును, ఇన్వర్టర్‌ను 2025లో నీరు ఆగిన గుర్తుకు కనీసం మూడడుగుల పైకి మార్పించండి, తడిస్తే పాడయ్యే సరుకును మొదటి అంతస్తుకు ఎక్కించి కింద ప్లాస్టిక్, స్టీలు సామాను ఉంచండి, డ్రైనేజీ పైపులోంచి నీరు వెనక్కి తన్నకుండా ఒక వాల్వు పెట్టించండి. ఆ గుర్తు ఇప్పటికీ గోడ మీద కనిపిస్తుంటే, సున్నం వేయించే ముందు దాని ఎత్తు కొలిచి, తేదీ రాసి ఫొటో తీసి పెట్టుకోండి. బీమా కంపెనీ అడిగినా, రేపు మూసీ కార్పొరేషన్ సర్వేకి వచ్చినా, మీ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో చూపడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదే.